పాత కొలతకి కుట్టని ఆవిడ

జూన్ ఇరవై రెండు, ఆదివారం. ఉదయం పదకొండు గంటలు. క్వేకర్స్ హిల్, ఆవిడ ఇంటి గరాజు.

హాజరైనవారు: ఆవిడ కొడుకు, కోడలు, మనవరాలు. పక్కింటి చిలీ దేశస్థురాలు. ఫిజియోథెరపిస్టు హారిక. మా ఆవిడ. నేను. జాకెట్లు కుట్టించుకున్న ఆడవాళ్ళు పద్నాలుగు మంది, ఆలస్యంగా వచ్చిన ఇద్దరితో కలిపి పదహారు.

సాయంత్రం వెస్ట్‌మీడ్‌లో మా ఫ్లాటుకి తిరిగొచ్చి డైరీలో ఇంతవరకు రాసి ఆగిపోయాను. గుంటూరులో గణాంక శాఖలో పని చేసినన్నాళ్ళూ పొలాల వెంట తిరిగి పంట దిగుబడి లెక్కలు రాసేవాణ్ణి. ఎక్కడికి వెళ్ళినా ముందు తేదీ, తర్వాత అక్కడ ఎవరెవరున్నారో రాసుకోవడం అప్పటి అలవాటు. రిటైరై ఈ దేశం వచ్చినా అలవాటు పోలేదు. ఈ ఏడాది ఆ గరాజులో రాసుకున్న జాబితాలన్నిటిలోనూ మొదటి పేరు ఆవిడదే. ఇవాళ్టి జాబితాలో ఆ పేరు లేదు.

ఇక్కడ కూడా రాయను. మెడనొప్పి ఫారాల మీద పేర్లుండకూడదని మా నిబంధన. నంబర్లే ఉంటాయి. ఆవిడకి ఒక నంబరుంది. అదీ రాయను.

గరాజు గోడకి ఆవిడ పటం ఆనించి, కుట్టుమిషను మీద తెల్లగుడ్డ కప్పారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి మిషను ముందు నిలబడి వెళ్తున్నారు. హారిక నా పక్కకి వచ్చి మెల్లగా అంది.

"అంకుల్, రేపు ఆర్వో మన ఫైనల్ డేటా పంపేస్తున్నా. ఆంటీవి రెండు షీట్లూ చూశాను. ఎగ్జాక్ట్ మ్యాచ్. ఒక్క టిక్ కూడా తేడా లేదు. షీ వజ్ సో కన్సిస్టెంట్."

"ఊఁ" అన్నాను.

ఆర్వో అంటే ఇక్కడి యాసలో మధ్యాహ్నమని నాకు చెప్పింది ఆ పటంలో ఆవిడే. అంటే నాకు రేపు మధ్యాహ్నం వరకు సమయముంది. ఆ రెండో కాగితం నిజం కాదని నాకు తెలుసు. దాన్ని నింపింది నేనే.

ఆ ఫారం సంగతి కొంచెం చెప్పాలి. మెడనొప్పి ఉన్నవాళ్ళని డాక్టర్లు పది ప్రశ్నలు అడుగుతారు. నొప్పి ఎంతుంది, బరువులెత్తగలరా, చదవగలరా, నిద్ర పడుతుందా, ఇలాంటివి. ఒక్కోదానికి ఆరు జవాబులు, వాటిలో ఒకటి ఎంచుకోవాలి. ఇంగ్లీషు ఫారాన్ని మరో భాషలోకి తేవడమంటే కూర్చుని అనువదించడం కాదని నాకు హారిక చెప్పేదాకా తెలియదు. ముందు తెలుగు చెయ్యాలి. మూలం చూడని మనిషి చేత దాన్ని తిరిగి ఇంగ్లీషు చేయించాలి. నొప్పి ఉన్నవాళ్ళ దగ్గర కూర్చుని ఏ వాక్యం వాళ్ళకి ఎలా అర్థమైందో అడగాలి. చివరికి అదే ఫారం అదే మనిషికి పదిరోజుల తేడాతో రెండుసార్లు ఇవ్వాలి. మెడ మారకపోతే జవాబులూ మారకూడదు. హారిక పక్క గదిలో పనిచేసే ఆమె స్పానిష్ మాట్లాడేవాళ్ళ కోసం ఇదంతా చేసి అప్పటికే ముగించింది. ఆ ఫారం నిలబడింది. మాది మొదలవుతోంది. ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలు చదివి జవాబులు రాసే పని నేను జీతం లేకుండా ఒప్పుకున్నాను. నాకు తెలిసిన పని అదొక్కటే.

ఆవిణ్ణి అంతకుముందే చూశాను. మా ఆవిడ జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వెళ్తే సంచీ మోసుకుంటూ వెంట వెళ్ళాను. తెనాలి మనిషి. గరాజులో కారుండాల్సిన చోట మిషను, ఒక పొడుగుబల్ల, నిలువుటద్దం, చలికాలమైతే కాళ్ళ దగ్గర చిన్న హీటరు. మెడలో ఎప్పుడూ ఒక పసుపు టేపు. దాని మీద అంకెలు సగం చెరిగిపోయాయి. చెరిగినచోట ఏ అంకె ఉండాలో ఆవిడ వేలికి తెలుసు.

మేం వెళ్ళిన రోజున ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన ఒక అమ్మాయి తొందరపడుతోంది.

"ఆంటీ, పోయినసారి కొలతే పెట్టేయండి ప్లీజ్. టైం లేదు."

"నీకు టైం లేదు సరే. నీ ఒంటికి టైం లేదా? దాని పని అది చేసుకుపోతూనే ఉంటుంది. నిలబడు. చెయ్యెత్తు."

"ఆర్నెల్లే కదా ఆంటీ అయింది."

"పాత కొలతకి కొత్త జాకెట్టు నేను కుట్టనమ్మా. కుట్టేవాళ్ళు బ్లాక్‌టౌన్‌లో ఉన్నారు, వెళ్ళు."

ఆ అమ్మాయి నవ్వుతూ చెయ్యెత్తింది. ఆవిడ కొలిచింది. అంకె పైకి అనలేదు. ఎవరి అంకెనీ పైకి అనేది కాదు. బల్ల మీద పుస్తకం తీసి ఆ అమ్మాయి పేజీలో కొత్త వరుస రాసింది. ముందు తేదీ వేసింది. నేను చూస్తున్నానని గమనించింది.

"ఏంటండీ చూస్తున్నారు?"

"తేదీ వేశారు కదా, బాగుందని."

"తేదీ లేని కొలతెందుకండీ? చచ్చినోళ్ళ కొలతకీ బతికున్నోళ్ళ కొలతకీ తేడా తెలియొద్దూ?"

మా ఆవిడ నన్ను చూపిస్తూ, "ఈయనకి చెప్పకండి. కాఫీ తాగినా తేదీ వేసే మనిషి" అంది. ఆ రోజు నుంచి నేను ఆవిడకి అన్నయ్యగారినయ్యాను.

మెడనొప్పి ఆవిడకి నలభై ఏళ్ళ నాటిది. వంగి కుట్టేవాళ్ళకి తప్పదు. స్పానిష్ మాట్లాడే పక్కింటి చిలీ ఆవిడకీ ఉంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఇంగ్లీషు ఇద్దరికీ అంతంతమాత్రమే. అయినా కంచెకి అటూ ఇటూ నిలబడి మెడలు చూపించుకుంటూ అరగంట మాట్లాడుకునేవాళ్ళు. స్పానిష్ ఫారం సంగతి ఆవిడకి మొదట తెలిసింది ఆ కంచె దగ్గరే.

"ఆవిడ మెడకి స్పానిష్‌లో కాగితముందంట అన్నయ్యగారూ. మరి నా మెడ ఇంగ్లీషులో నొప్పెట్టాలా?"

తెలుగులో కూడా చేస్తున్నారని, రోగుల తరఫున మాట్లాడేవాళ్ళు కావాలని చెప్పాను. అప్పటికప్పుడు ఒప్పుకుంది. సమావేశాలు గరాజులోనే పెట్టమంది. "ఎటూ ఆడవాళ్ళు ఇక్కడికే వస్తారు, జాకెట్టు కోసం ఎదురుచూసేటప్పుడు మీ ప్రశ్నలడుక్కోండి."

మెడ గురించి మొదటి ప్రశ్న చదవబోతుంటే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. మెడలోంచి టేపు తీసి మిషను మీద చుట్టిపెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది.

"ఊఁ. ఇప్పుడడగండి."

"టేపెందుకమ్మా తీశావు?"

"మెడని అడుగుతున్నారు కదా. బరువు దించి అడగాలి."

"టేపు బరువెంత ఉంటుందమ్మా?"

"నలభై ఏళ్ళు వేసుకుంటే తెలుస్తుంది లెండి."

ఆ తర్వాత ఎప్పుడడిగినా అంతే. గుమ్మం బయట చెప్పులు విడిచినట్టు ముందు టేపు తీసేది.

మా అనువాదాన్ని ఆవిడ బాగా పట్టి చూసింది. మొదటి ప్రశ్నకి ఒక జవాబు "నొప్పి భరించగలిగేంతగా ఉంది" అని రాశాం. ఆవిడ అడిగింది: "ఎవరు భరించగలిగేంత? నేనా, మా ఇంట్లోవాళ్ళా?" ఆడవాళ్ళు నవ్వారు. హారిక నవ్వలేదు, రాసుకుంది. తర్వాత ఆ వాక్యం మార్చింది. కారు నడపడం గురించి ఒక ప్రశ్న ఉంది. అక్కడున్న పెద్దవాళ్ళలో చాలామంది కారు నడపరు, అందుకని ఖాళీగా వదిలేస్తున్నారు. స్పానిష్ ఫారానికీ ఇదే చిక్కు వచ్చిందట. ఏం చెయ్యాలని హారిక అందర్నీ అడిగింది.

"మేం నడపం గానీ పక్కసీట్లో కూర్చుంటాం కదమ్మా" అంది ఆవిడ. "వెనక్కి తిరిగి మనవరాలితో మాట్లాడగలవా అని అడుగు. దాంతో తెలిసిపోతుంది ఎవరి మెడ ఎంతలో ఉందో."

"దట్స్ బ్రిలియంట్ ఆంటీ" అంది హారిక.

"బ్రిలియంటో ఏంటో. అది నాలుగు నెలలనుంచీ నేను చెయ్యలేకపోతున్న పని."

ఆ వాక్యం ఫారంలో చేరింది. ఆ చివరిమాట మాత్రం ఎవరమూ పట్టించుకోలేదు. నా డైరీలో రాసి ఉంది. రాసి పేజీ తిప్పేశాను.

ఆవిడ ఫారాన్ని పరీక్ష రాసే పిల్లలా చూసేది. వెళ్ళినప్పుడల్లా, "స్పానిష్ వాళ్ళది పాసయింది. మనదెప్పుడు?" అనేది. ఆవిడ జవాబులు మొదటిసారి రాసుకున్న రోజున, మళ్ళీ పదిరోజులకి వస్తానన్నాను.

"మళ్ళీ ఎందుకండీ? ఇప్పుడు చెప్పాగా."

"మళ్ళీ ఇవే అడగాలమ్మా."

"ఇవే? నేనేమన్నా అబద్ధమాడానా?"

ఇక్కడ నేను చెయ్యకూడని పని చేశాను. నిబంధన ప్రకారం, "అది పద్ధతి" అని మాత్రమే అనాలి. కానీ తెలిసిన విషయం వివరంగా చెప్పకపోతే నాకు తోచదు. ఒకే మనిషి రెండుసార్లూ ఒకే జవాబు చెబితేనే ఫారం గట్టిదని రుజువవుతుందనీ, స్పానిష్ వాళ్ళకి అలాగే వచ్చిందనీ, మనకీ రావాలనీ చెప్పాను. మెడ మారితే జవాబు కూడా మారవచ్చన్న ముక్క చెప్పానా? డైరీలో లేదు. చెప్పి ఉంటే రాసేవాణ్ణి.

"అంటే నేను మాట మారిస్తే మనది ఫెయిలా?" అంది.

"నువ్వొక్కదానివే కాదమ్మా, చాలామంది ఉన్నారు."

"అదే లెండి. అందరూ మాట మారిస్తే."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

పదిరోజుల తర్వాత వెళ్ళిన రోజున డైరీలో ఏం రాశానో ఇవాళ సాయంత్రం మళ్ళీ చదివాను. ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను. "గరాజు తలుపు తీయడానికి ఆలస్యమైంది. బల్ల పట్టుకుని నడిచింది. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుంది. సూదిలో దారం ఎక్కించమని నన్నడిగింది. ఎక్కించాను. బాబిన్ రెండుసార్లు కిందపడింది, నేనే తీసిచ్చాను. టేపు మెడలోనే ఉంది, తీయలేదు. పది ప్రశ్నలూ ఆరు నిమిషాల్లో అయిపోయాయి. మంచి సహకారం."

మంచి సహకారం! ప్రశ్న పూర్తిగా చదవకముందే, "రెండోది", "ఒకటి", "మూడోది రాసుకోండి" అని చెబుతూ పోయింది. చివర్న, పోయినసారి కంటే మెడ ఎలా ఉందని అడిగే ప్రశ్న విడిగా ఉంటుంది. మెడ మారినవాళ్ళ కాగితాలు పక్కన పెట్టడానికే ఆ ప్రశ్న.

"అలాగే ఉందండీ."

"చేతులేమైనా..." అనబోయి ఆగాను. ఫారంలో లేని ప్రశ్న అడగకూడదు. పంట లెక్కల నాటి నుంచీ నాకది వేదం. రైతు ఎకరానికి పది బస్తాలంటే పదే రాయాలి, కళ్ళెదుట ఇరవై కనిపించినా సరే.

"అలాగే ఉందని రాసుకోండి అన్నయ్యగారూ" అంది మళ్ళీ. "పాసవ్వాలి కదా."

రాసుకున్నాను.

ఆ వారంలోనే మా ఆవిడకి జాకెట్టు వచ్చింది. మా ఆవిడ దాన్ని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది. హుక్కులు వరుస తప్పి ఉన్నాయి. ఒక చంక దగ్గర కుట్టు విప్పి మళ్ళీ వేసిన గుర్తుంది.

"ఇది ఆవిడ చేత్తో కుట్టింది కాదండీ" అంది.

"ఎవరిచేతన్నా కుట్టించిందేమోలే."

"ఆవిడా? ఇంకొకళ్ళ చేత కుట్టిస్తుందా?"

ఫోన్ చేసి కనుక్కోమంది మా ఆవిడ. ఆదివారం వెళ్దామన్నాను. ఆదివారం రాకముందే ఆవిడ గరాజులో మిషను దగ్గర నుంచి లేవబోయి పడిపోయింది. పడటం చిన్నదే. కానీ ఆ తర్వాత కాళ్ళూ చేతులూ కదల్లేదు. మెడ ఎముకల మధ్య వెన్నుపాము చాలాకాలంగా నలుగుతోందనీ, చేతులు పట్టు తప్పడం, నడక తూలడం దాని గుర్తులేననీ, ఆ దశలో వచ్చి ఉంటే ఏదైనా చెయ్యడానికి వీలుండేదేమోననీ డాక్టరు కొడుకుతో అన్నాడట. మూడువారాలు ఆస్పత్రిలో ఉంది. చివరికి ఊపిరితిత్తులకి జబ్బు చేసి పోయింది.

ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. మెడ చుట్టూ గట్టి పట్టీ వేసి ఉంది. మాట సన్నగా వస్తోంది.

"ఇదేనండీ అసలు బరువు" అంది పట్టీ గురించి. ఆ వెంటనే, "మనది పాసయిందా?" అంది.

ఇంకా తెలియలేదన్నాను. ఎందుకు అబద్ధం చెప్పావమ్మా అని అడగాలనుకున్నాను. అప్పటికే నాకు అనుమానముంది. ఆ మంచం పక్కన ఆ మాట నోటికి రాలేదు. ఆవిడకి బదులు నేను చెప్పుకోవాల్సిన జవాబేమో అది.

ఇవాళ గరాజులో అనుమానం తీరిపోయింది. ఆవిడ కొడుకు కొలతల పుస్తకం తెచ్చి నా చేతికిచ్చాడు.

"అంకుల్, అమ్మ దీన్ని ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. మీకు చూపిస్తే ఇష్టపడుతుంది అనిపించింది."

పేజీకొక మనిషి. వరుసకొక తేదీ. కొందరికి పదిహేను వరుసలున్నాయి. పెళ్ళికి ముందు, బిడ్డ పుట్టాక, బిడ్డ పెద్దయ్యాక. పాత వరుస మీద ఎక్కడా దిద్దుబాటు లేదు. ఎప్పటికప్పుడు కొత్తదే. తిప్పుకుంటూ చివరి పేజీకి వచ్చాను. దాని మీద పేరు లేదు. నేను మొదటిసారి ఫారం నింపిన తేదీ ఉంది. దాని కింద పది అంకెలు, అన్నీ ఆరులోపువే. వాటి కింద రెండో వరుస లేదు.

ఆ కొలతల పుస్తకంలో ఒంటి కొలత కానిది అదొక్కటే పేజీ. నేను వెళ్ళాక గుర్తు తెచ్చుకుని రాసిపెట్టుకుని, నేను మళ్ళీ వచ్చేలోపు బట్టీపట్టింది. పాత కొలతకి ఎవరికీ ఏదీ కుట్టని మనిషి, నా మాట నమ్మి తన మెడకి మాత్రం పాత కొలతే ఇచ్చింది.

పుస్తకం తిరిగి ఇచ్చేశాను. కొడుకు, "ఆ నంబర్స్ ఏంటో మాకర్థం కాలేదంకుల్" అన్నాడు. తర్వాత చెబుతానన్నాను. పక్కింటి చిలీ ఆవిడ మిషను దగ్గరే నిలబడి ఉంది. తెల్లగుడ్డ అంచు కొంచెం ఎత్తి, కింద చుట్టిపెట్టి ఉన్న పసుపు టేపుని చూసింది. గుడ్డ మళ్ళీ కప్పి, తన మెడ మీద చెయ్యి వేసుకుని అలాగే చాలాసేపు ఉంది.

చెబితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆవిడ కాగితం ఒక్కటి తీసేస్తే సరిపోదు. ఆవిడకి చెప్పినట్టే ఇంకెందరికి చెప్పానోనన్న ప్రశ్న వస్తుంది. నేను తెచ్చిన కాగితాలన్నీ అనుమానంలో పడతాయి. ఆవిడ చివరిదాకా అడిగిన ఫారం ఆగిపోతుంది. చెప్పకపోతే ఫారం నిలబడుతుంది. అప్పుడు చేతులు పట్టు తప్పుతున్న ఇంకో మనిషి "అలాగే ఉంది" అంటాడు. ఆ కాగితం చూసి అందరూ నిజమే అనుకుంటారు.

జూన్ ఇరవై మూడు, సోమవారం. ఉదయం తొమ్మిది. వెస్ట్‌మీడ్, హారిక గది. హాజరైనవారు: హారిక, నేను.

డైరీ ఆమె ముందు పెట్టాను. హారిక ఆరేళ్ళప్పుడు ఈ దేశం వచ్చింది. అచ్చు తెలుగు కూడబలుక్కుని చదువుతుంది గానీ నా చేతిరాత చదవలేదు.

"మీరే చదవండి అంకుల్."

ఇన్నాళ్ళూ నేను ప్రశ్నలు చదివి ఇతరుల జవాబులు రాసుకున్నాను. ఈసారి నేను రాసుకున్నదే పైకి చదివాను. కప్పు, సూది, బాబిన్, టేపు. మంచి సహకారం అన్నచోట ఆగాను. నీళ్ళు తాగి అదీ చదివాను. ఆవిడకి నేను చెప్పిన మాటా చెప్పాను. పుస్తకంలో పది అంకెల సంగతీ చెప్పాను.

హారిక లాప్‌టాప్‌లో ఆవిడ రెండు షీట్లూ పక్కపక్కన తెరిచింది.

"రెండుసార్లూ సేమ్ రావాలని ఇంకెవరికైనా చెప్పారా అంకుల్?"

"అడిగినవాళ్ళకి చెప్పానమ్మా."

"ఎంతమంది అడిగారు?"

"మనవాళ్ళు కదా. అందరూ అడిగారు."

ఆమె లాప్‌టాప్ మూసేసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"ఇవాళ పంపను. రెండో రౌండ్ మొత్తం మళ్ళీ చెయ్యాలి. దానికి మీరు వద్దంకుల్, వేరేవాళ్ళని పంపిస్తాను. సారీ."

"వద్దు, నువ్వన్నదే సరి."

"బట్ ఇవాళ మీరు వాళ్ళందరికీ ఫోన్ చెయ్యండి. ఫారం కోసం కాదు. చేతులు తిమ్మిరిగా ఉంటున్నాయా, వస్తువులు జారిపోతున్నాయా, నడుస్తుంటే తూలుతోందా, ఇవి మాత్రం అడగండి. ఎవరు అవునన్నా వెంటనే ఫోన్ నాకివ్వండి. నాకంటే మీకే చెబుతారు."

పక్క గదిలో కూర్చుని జాబితా తెరిచాను. మొదటి నంబరు రిటైరైన లెక్కల మేష్టారిది. కొడుకింట్లో ఉంటాడు. ఆయన రెండు కాగితాలూ నా ముందే ఉన్నాయి. ఒక్క గీత తేడా లేదు. ఫోన్ చేసి, మెడ ఎలా ఉందండీ అని అడిగాను.

"పర్లేదండీ, పర్లేదు. పోయినసారి చెప్పిందే రాసేసుకోండి. నా వల్ల మీకు ఇబ్బంది రాకూడదు."

కాగితాలు రెండూ బోర్లించాను.

"పోయినసారిది నాకు గుర్తులేదండీ" అన్నాను. యాభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నాను. ఆ మాట నేను ఎవరితోనూ అని ఉండను. "ఇవాళ ఎలా ఉందో మొదటినుంచీ చెప్పండి. చేతులెలా ఉన్నాయి?"

అవతల కుర్చీ లాగిన చప్పుడైంది.

"మీకు కాస్త టైముందా అండీ?" అన్నాడాయన.

ఉందన్నాను.